సెల్లార్ గదికి వాటర్‌ప్రూఫింగ్: మూడు స్టార్లే

హన్మకొండలో మా ఇంటి సెల్లార్‌ని పిల్లల చదువు గదిగా మారుద్దామని ఒక వాటర్‌ప్రూఫింగ్ మేస్త్రీని పిలిచాం. 2023 జూలై వానలకు అందులో మోకాలిలోతు నీళ్లు నిలిచాయి, అందుకే నాకు ముందునుంచీ టెన్షనే.

ఆయన రాగానే రంగుల మాట ఎత్తలేదు. నేల మీద మూరెడు పాలిథిన్ కవరు పరిచి, నాలుగు అంచులకూ టేప్ వేసి, రెండు రోజులు కదపొద్దన్నాడు. తీసి చూస్తే అడుగున చెమట పట్టినట్టు నీటి చుక్కలు! తేమ కింది నుంచే వస్తోందని అప్పుడు నమ్మాను. గోడల మీది తెల్లటి ఉప్పు పొడిని వైర్ బ్రష్‌తో గీకించి, పగుళ్లు పూడ్చి, కోటింగ్ రెండుసార్లు వేశాడు. ఇంతవరకు బాగుంది.

కానీ నీళ్లు తోడే మోటారుకు గుంత కావాలని టైల్స్ వేశాక చెప్పాడు. కొత్తవి నాలుగు పగలగొట్టాం. ఈ వానాకాలం గోడలు పొడిగానే ఉన్నాయి, మూలన ముక్కవాసన మాత్రం పోలేదు.