బెంగళూరు మారతహళ్లిలో తెలుగులో చెప్పే స్టాటిస్టిక్స్ వీకెండ్ క్లాస్, చేరాలా వద్దా?

రేటింగ్ 5కి 4. సర్వే డేటాతో కుస్తీ పట్టేవాళ్ళు, అంటే ఎన్జీవోల్లో రీసెర్చ్ చేసేవాళ్ళు, సోషియాలజీలో పీహెచ్‌డీ చేసేవాళ్ళు కళ్ళు మూసుకుని చేరొచ్చు. డేటా సైన్స్ జాబ్ కోసమైతే వద్దండి, ఇక్కడ పైథాన్ లేదు పాడూ లేదు, బోర్డు, మార్కర్, కాలిక్యులేటర్ అంతే. బిర్యానీ హోటల్ పైన రెండో ఫ్లోర్, లిఫ్ట్ లేదు, మధ్యాహ్నం బ్యాచ్ అయితే ఆ వాసనకి సగం బుర్ర కిందే ఉండిపోతుంది.

సార్ది నెల్లూరు సైడు. కోర్స్ మొత్తం శాతాల మీద, అవును/కాదు టైపు జవాబుల మీదే నడుస్తుంది. మొదటి క్లాసులోనే, 400 మందిని అడిగితే 50 శాతం అవునన్నారనుకోండి, అటూ ఇటూ దాదాపు 5 శాతం తేడా వదులుకోవాలి, ఆ తేడాని సగం చెయ్యాలంటే 800 మంది చాలరు, 1600 మంది కావాలి అని మా చేతే లెక్క కట్టించారు. మా ఆఫీసులో బడ్జెట్ మీటింగులకి ఈ ఒక్క ముక్క చాలు.

నాకు బాగా నచ్చింది సున్నా గొడవ. 20 మందిని అడిగితే ఒక్కరు కూడా అవుననలేదు, మామూలు ఫార్ములాలో వేస్తే అసలు శాతం సున్నా నుంచి సున్నా మధ్యే అని వస్తుంది, అంటే ఊరంతా అలా ఎవరూ లేరని గ్యారంటీ ఇచ్చేసినట్టే కదా. విల్సన్ 1927లో ఇచ్చిన పద్ధతిలో వేస్తే 16 శాతం దాకా ఉండొచ్చని తేలుతుంది. ఇదీ, పియర్సన్ 1900లో పెట్టిన కై-స్క్వేరూ (వచ్చిన అంకెలు రావాల్సిన అంకెలకి ఎంత దూరంలో ఉన్నాయో కొలిచేది), రెండూ మన స్టాటిస్టిక్స్ దిగ్గజం సి.ఆర్. రావు గారు 1948లో చెప్పిన స్కోర్ టెస్ట్ అనే పెద్ద పద్ధతి లెక్కలోకే వస్తాయని సార్ బోర్డు మీద చేసి చూపించారు. రావు గారు పుట్టింది ఇప్పటి కర్ణాటకలోని హూవిన హడగలిలో, మ్యాథ్స్ ఎంఏ చేసింది ఆంధ్రా యూనివర్సిటీలో. అది చెప్పేటప్పుడు సార్ మొహం చూడాలి అసలు.

కై-స్క్వేర్ క్లాసుకి ఎగ్జాంపుల్ కూడా మన బెంగళూరు గోలే, అంకెలు మాత్రం సార్ కల్పించినవి. సొంతింట్లో ఉండే 100 మందిలో 60 మంది ఓటు ఇక్కడికి మార్చుకున్నారు, అద్దెకుండే 100 మందిలో 40 మందే మార్చుకున్నారు. సంబంధం లేకపోతే ఎంతెంత రావాలి? చెరో 50. అక్కణ్ణుంచి కై-స్క్వేర్ 8 వస్తుంది, దాటాల్సిన గీత 3.84, అది దాటితే ఈ తేడా ఊరికే వచ్చింది కాదనుకోవచ్చు. అయిపోయిందని మేం పెన్నులు మూసేలోపే, ‘తేడా ఎంతో చెప్పకుండా ఎక్కడికి పోతారబ్బా’ అని ఆపారు. తేడా 20 శాతం, కానీ అది 6 నుంచి 34 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు! ఇవే శాతాలు 2000 మందిలో వస్తే కై-స్క్వేర్ 80 అవుతుంది గానీ, సంబంధం ఎంత గట్టిదో చెప్పే క్రామర్ వీ మాత్రం 0.2 దగ్గరే ఉంటుంది. పీ వాల్యూ (సంబంధమే లేకపోతే ఇంత తేడా ఊరికే వచ్చే అవకాశం ఎంతో చెప్పేది) పక్కన మూడు స్టార్లు చూసి సంబరపడే మా టీమ్ మొత్తాన్ని ఇక్కడికి పంపాలి.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, ఈ లెక్కలన్నీ ఒక్కొక్కర్నీ విడివిడిగా, ర్యాండమ్‌గా ఎంచుకున్నామనే నమ్మకం మీద నిలబడ్డవి, మేం ఫీల్డులో చేసేదేమో నాలుగు అపార్ట్‌మెంట్లు పట్టుకుని అందులోనే తలుపులు కొట్టడం. ఒకే అపార్ట్‌మెంట్ వాళ్ళ జవాబులు ఒకలాగే ఉంటాయి, దానివల్ల డిజైన్ ఎఫెక్ట్ 2 ఉందంటే 200 మంది కాస్తా 100 మంది కిందకే లెక్క, అప్పుడు పైన వచ్చిన 8 దాదాపు 4కి పడిపోతుంది, అంటే గీత అంచున వేలాడుతున్నట్టే. దీనికి రావ్-స్కాట్ కరెక్షన్ ఉంది (ఈ రావు వేరే, కెనడాలో ఉండే జె.ఎన్.కె. రావు గారు), సోషల్ సైన్స్ వాళ్ళకి అన్నిటికంటే ముందు కావాల్సింది అదే, దాన్ని ఆఖరి క్లాసులో బెల్ కొట్టే ముందు ఉరుకులు పరుగుల మీద చెప్పి వదిలేశారు. లాజిస్టిక్ రిగ్రెషన్ (అవును/కాదు జవాబు వేటి మీద ఆధారపడుతుందో చూసేది) కూడా అంతే, వచ్చింది వెళ్ళింది.

ఫీజు ఈ ఏరియా సాఫ్ట్‌వేర్ కోచింగులతో పోలిస్తే తక్కువే. జెరాక్స్ నోట్సులో సార్ చేతిరాత కొంచెం కష్టం, ఇంగ్లీషు అంకె 1కీ 7కీ తేడా తెలీదు, పక్కవాళ్ళది చూసి దిద్దుకోండి. చేరేముందు మీ సొంత సర్వే డేటా తెచ్చుకోవచ్చా అని అడగండి, క్లాసయ్యాక ఖాళీగా ఉంటే కూర్చుని చూస్తారు.