ఒంటిరాయి ఉంగరం: రాయి కన్నా దాన్ని పట్టుకున్న గోళ్లే ముఖ్యం

నిశ్చితార్థానికి వజ్రపు ఉంగరం కొనేటప్పుడు దుకాణంలో మాటంతా రాయి చుట్టూనే తిరుగుతుంది. రంగు, స్వచ్ఛత, కోత, బరువు గురించి ఇప్పుడు అందరికీ తెలుసు కనుక వాటి జోలికి పోను. 2018లో మా అత్తగారివాళ్లు పెట్టిన ఒంటిరాయి ఉంగరాన్ని అప్పటి నుంచి దాదాపు రోజూ ధరిస్తున్నాను. ఇన్నేళ్ల వాడకం తరువాత నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఆ రాయిని పట్టుకొని ఉండే నాలుగు సన్నని బంగారు గోళ్ల గురించే. వాటిని ప్రాంగులు అంటారని చెప్పడమే తప్ప, అవి ఎంత మందం, ఎంత కాలం నిలుస్తాయి, ఎప్పుడెప్పుడు చూపించుకోవాలి అన్నది అమ్మినవారు ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

అందం విషయంలో వంక పెట్టడానికి లేదు. రాయి 30 సెంట్లు, అంటే 60 మిల్లీగ్రాములు మాత్రమే. అయినా గోళ్ల మీద ఎత్తుగా నిలబెట్టడం వల్ల పక్కల నుంచి కూడా వెలుగు పడి, ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించేది. "916 కాకుండా ఇదేం బంగారమే?" అని మా అమ్మమ్మ అడిగినప్పుడు, 22 క్యారెట్ల బంగారం మెత్తన, వజ్రాన్ని గట్టిగా పట్టి ఉంచాలంటే 18 క్యారెట్లే మేలు అని దుకాణంవారు చెప్పిన మాటనే నేనూ చెప్పాను. ఆ మాట నిజమే.

ఒక శ్రావణ శుక్రవారం పూజ ముగిశాక పట్టుచీర మడతపెడుతుంటే ఉంగరం జరీకి తగులుకొని పోగు జానెడు లేచివచ్చింది. వేలు చూసుకుంటే ఒక గోరు విరిగి ఉంది, దాని ఎదుటిది బయటికి వంగి ఉంది, నడుమ రాయి లేదు. మావారు వెంటనే ఫ్యాను ఆపి, ఎవరినీ కాలు కదపవద్దని చెప్పి, చీపురు ముట్టుకోనివ్వలేదు. గదిలో దీపాలన్నీ ఆర్పి, ఫోను టార్చి నేలకు ఆనించి పెట్టి, వెలుగు బండల మీదుగా అడ్డంగా పాకేలా మెల్లగా తిప్పారు. అలా చూస్తే పసుపు రేణువుకు కూడా నీడ కనిపిస్తుంది. రాలిన అక్షతలు, పూరేకులు, దారపు ముక్కలు అన్నీ దాటాక, పీట కాలి పక్కన ఒక్కచోట మాత్రం తెల్లగా తళుక్కుమంది. పైనుంచి వెలుగు వేసి వెతికి ఉంటే ఆ రాయి నాకు దొరికేది కాదని ఇప్పటికీ నా నమ్మకం.

కొన్న దుకాణంవారు అరుగుదలకు హామీ వర్తించదన్నారు, కావాలంటే మార్చుకోమన్నారు. మార్చుకుంటే మజూరి ఎలాగూ తిరిగి రాదు. నిశ్చితార్థంలో వేలికి తొడిగిన ఉంగరాన్ని తూకానికి అప్పగించే మాట అంత తేలికగా ఎలా అనగలిగారో నాకు నేటికీ మింగుడుపడదు. చివరికి మా ఊళ్లోనే ఒక పెద్ద వయసు కంసాలి దగ్గరికి వెళ్లాం. ఆయన భూతద్దం కింద విరిగిన చోటు చూసి, నేను ఏం పని చేస్తానని అడిగారు. నేను ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌ని, బల్లలు శుభ్రం చేయడానికి మేము హైపోక్లోరైటు ద్రావణం వాడుతాం. బ్లీచింగు నీళ్లు తగిలే చేతికి ఇంత సన్నని గోళ్లు పనికిరావని ఆయన అన్నారు. 18 క్యారెట్లలో వెయ్యికి 750 పాళ్లే బంగారం, మిగతాది రాగి, వెండి వంటి లోహాలు. బ్లీచింగు నీళ్లలోని క్లోరిన్ దెబ్బతీసేది ముఖ్యంగా వాటినే. అమ్మమ్మతో నేను గట్టిదని వాదించిన బంగారం రాపిడికి గట్టిదే కానీ, నా పనికి మాత్రం అంత గట్టిది కాదన్నమాట.

రాయి అప్పగించే ముందు ఆయనే అడక్కుండా ఒక మంచి పని చేశారు. రాయి నడుము అంచు మీద లేజరుతో చెక్కిన సంఖ్యను భూతద్దంలో నాకు చూపించి, సర్టిఫికెట్టుతో సరిచూసుకోమన్నారు, ఉంగరంలో రాయి బిగించే ముందూ మళ్లీ అలాగే చూపించారు. అన్ని రాళ్లకూ ఆ సంఖ్య ఉండదు, కొనేటప్పుడే అడగండి.

ఇప్పుడు రాయి చుట్టూ బంగారపు అంచు తిప్పి కట్టించాను. బెజెల్ సెట్టింగ్ అంటారే, అమ్మమ్మ కెంపుటుంగరంలో ఉన్నట్టు. పక్కల నుంచి వెలుగు తగ్గింది, పచ్చని బంగారపు ఛాయ రాయిలోకి కొంచెం వచ్చింది, ఆ మాట దాచను. కానీ జుట్టుకూ చీరకూ తగులుకోదు, చేతితొడుగు చిరగదు. పనిలో ఉన్నప్పుడు తీసి మెడ గొలుసుకు వేసుకుంటున్నాను. ఒక చిక్కు మాత్రం అలాగే ఉంది: వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది, అందుకే ఒకప్పుడు గనుల్లో కొవ్వు పూసిన బల్లల మీద వజ్రాలను వేరుచేసేవారు. రెండు రోజులు పోపు పెట్టిన చేతికి ఉంటే చాలు, రాయి మసకబారుతుంది. గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో వెనకవైపు తోమితే మళ్లీ వెలుగుతుంది.

గోళ్ల ఉంగరం ఎవరూ కొనకూడదని నేను అనను. టిఫనీ సంస్థ 1886లో తెచ్చిన అమరికలో గోళ్లు ఆరు. ఒకటి పోయినా ఐదు మిగులుతాయి, నాలుగింటిలో ఒకటి పోతే ఏమవుతుందో నేను చూశాను. వారానికోసారి ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టి వేలితో తట్టి, లోపల టకటకమంటోందేమో వినాలి. గోళ్ల మీదుగా దూది రాసి పోగు చిక్కుకుంటోందేమో చూడాలి. మా చెల్లెలిది ఆఫీసులో కంప్యూటరు పని, ఇంట్లో వంట కూడా తక్కువే. వచ్చే మాఘంలో తన నిశ్చితార్థానికి ఆరు గోళ్లది తీసుకోమన్నాను, ఎత్తు మాత్రం నా పాత ఉంగరంలో సగమే ఉండాలని చెప్పాను.