ఇన్సిడెన్సా, ప్రివలెన్సా: వ్యాధిని కొలవడానికి ఏది మేలు?

ప్రజారోగ్య పాఠాలు కొత్తగా మొదలుపెట్టిన విద్యార్థులు పదే పదే అడిగే ప్రశ్న ఇది: ఒక వ్యాధి పరిస్థితిని చెప్పడానికి ఇన్సిడెన్స్ మేలా, ప్రివలెన్స్ మేలా? నిర్ణీత కాలంలో కొత్తగా జబ్బుపడినవారి లెక్క మొదటిదని, ఒక సమయానికి ఆ జబ్బుతో ఉన్న పాత, కొత్త రోగులందరి లెక్క రెండోదని వారికి తెలిసే ఉంటుంది. అయినా ఒక నివేదిక చేతికి వచ్చినప్పుడు, అందులోని అంకెను బట్టి ఏ నిర్ధారణకు రావచ్చో తేల్చుకోలేక తడబడతారు. రెండూ అవసరమేనన్న మాట నిజమే గాని, దానితో వారి సందేహం తీరదు. వ్యాధి పెరుగుతోందా, తగ్గుతోందా, ఎందుకు వస్తోంది అనే ప్రశ్నలకు నేను ఇన్సిడెన్స్ వైపే మొగ్గుతాను. అందుకు ప్రధాన కారణం, జబ్బు ఎంతకాలం ఉంటుందన్న విషయం ప్రివలెన్స్‌లో విడదీయలేనంతగా కలిసిపోయి ఉండడం.

లక్ష మంది జనాభాలో ఏటా 200 మందికి ఒక వ్యాధి కొత్తగా వస్తోందని, వచ్చినవారు సగటున 2 సంవత్సరాలు బతుకుతున్నారని అనుకుందాం. పరిస్థితి నిలకడగా ఉంటే ఏ రోజు లెక్క తీసినా సుమారు 400 మంది రోగులు కనిపిస్తారు. అరుదైన వ్యాధుల్లో ఇన్సిడెన్స్‌ను సగటు వ్యాధికాలంతో గుణిస్తే స్థూలంగా ప్రివలెన్స్ వస్తుందని చెప్పే సూత్రం ఇదే. ఇప్పుడు జబ్బును పూర్తిగా నయం చేయకపోయినా, రోగులు సగటున 6 సంవత్సరాలు బతికేలా చేసే మందు ఒకటి వచ్చిందనుకుందాం. కొన్నేళ్లు గడిచేసరికి రోగుల సంఖ్య 1,200కు చేరుతుంది, కొత్తగా జబ్బుపడేవారు మాత్రం అప్పటికీ ఏటా 200 మందే. ప్రివలెన్స్ ఒక్కటే చూసినవారికి వ్యాధి మూడు రెట్లు విజృంభించినట్టు తోస్తుంది, నిజానికి అక్కడ పెరిగింది రోగుల ఆయుష్షు. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ప్రతి రోగీ కొద్ది రోజుల్లోనే మరణించే రేబిస్‌ను ఇదే కొలతతో చూస్తే, అసలు ఆ వ్యాధి లేనట్టే కనిపిస్తుంది. ప్రివలెన్స్ తగ్గిందంటే రోగులు కోలుకున్నారని అనుకోవచ్చు, మరణించారనీ అనుకోవచ్చు. ఈ రెండింటికీ తేడా చూపలేని అంకెను ఆధారం చేసుకుని వ్యాధి నివారణ సాగుతున్న తీరుపై తీర్పు చెప్పడం నాకు సమ్మతం కాదు.

హెచ్‌ఐవీ చరిత్ర దీనికి గట్టి ఉదాహరణ. 1996 ప్రాంతంలో పలు మందులను కలిపి వాడే చికిత్స అందుబాటులోకి వచ్చాక, అంతకుముందు కొన్నేళ్లలోనే మరణించేవారు దశాబ్దాల తరబడి జీవించగలుగుతున్నారు. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3.9 కోట్ల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారని, ఆ ఏడాది కొత్తగా సోకినవారు సుమారు 13 లక్షల మంది అని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం అంచనా. కొత్తగా సోకడం 1990ల మధ్యకాలంతో పోలిస్తే సగానికి పైగా తగ్గినా, హెచ్‌ఐవీతో ఉన్నవారి సంఖ్య పెరుగుతూ వచ్చింది. నివారణ చర్యలు ఫలించాయా అని అడిగేవారికి వ్యాధితో ఉన్నవారి అంకె పనికిరాదు, కొత్తగా సోకినవారి అంకెనే చూడాలి. క్షయ విషయంలోనూ లక్ష్యాలు ఈ దిశగానే మారాయి. 1990తో పోల్చి 2015 నాటికి ప్రివలెన్స్‌ను సగానికి తగ్గించాలన్నది అంతకుముందున్న ప్రపంచ లక్ష్యాల్లో ఒకటి కాగా, తరువాతి వ్యూహం 2015తో పోల్చి 2030 నాటికి ఇన్సిడెన్స్‌ను 80 శాతం తగ్గించాలని కోరింది.

కారణాలను వెతికేటప్పుడు ఈ తేడా మరింత ముఖ్యమవుతుంది. ఒక అలవాటు గుండెపోటును తెచ్చిపెట్టడమే కాక, వచ్చినవారిని వెంటనే చంపేస్తోందని అనుకుంటే, బతికున్న రోగులను మాత్రమే లెక్కించే సర్వేలో ఆ అలవాటు ఉన్నవారు తక్కువగా కనిపిస్తారు, దాంతో ఆ అలవాటు ప్రమాదం లేనిదిగా తేలుతుంది. ఈ దోషాన్ని 1955లో ఎత్తిచూపిన గణాంక శాస్త్రవేత్త జెర్జీ నేమన్ పేరుతోనే నేటికీ పాఠ్యపుస్తకాల్లో పిలుస్తున్నారు.

అయితే ఇన్సిడెన్స్‌ను రాబట్టడం శ్రమతో కూడిన పని. ఇంకా జబ్బుపడనివారిని గుర్తించి, నెలలు, సంవత్సరాల తరబడి గమనిస్తూ ఉండాలి. అప్పటికే జబ్బు ఉన్నవారిని హారం నుంచి తీసివేయాలి. మధ్యలో వెళ్లిపోయినవారు ఎంతకాలం పరిశీలనలో ఉన్నారో అంతమేరకే లెక్కలోకి తీసుకోవాలి కాబట్టి వ్యక్తి-సంవత్సరాలలో, అంటే ఒక్కొక్కరు పరిశీలనలో ఉన్న సంవత్సరాల మొత్తంలో, లెక్క కట్టాల్సి వస్తుంది. అధిక రక్తపోటులా చడీచప్పుడు లేకుండా మొదలయ్యే జబ్బులకు ఆరంభ తేదీని నిర్ణయించడమే కష్టం. అన్నిటికంటే పెద్ద చిక్కు, వెతికే కొద్దీ కొత్త కేసులు బయటపడుతూ ఉండడం. దక్షిణ కొరియాలో అల్ట్రాసౌండ్ పరీక్షలు విస్తరించాక, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణ రేటు 1993లో ఉన్నదానికి సుమారు 15 రెట్లు అయింది. ఆ క్యాన్సర్‌తో మరణించేవారి రేటు మాత్రం దాదాపు మారలేదు. అక్కడ పెరిగిన ఇన్సిడెన్స్‌లో చాలా భాగం పరీక్షలు తెచ్చిపెట్టినదే. అందువల్ల నిర్ధారణ పద్ధతి మారిన కాలంలో ఇన్సిడెన్స్ గ్రాఫ్‌ను చూసేవారు, దాని పక్కనే మరణాల రేటునూ పెట్టుకుని చూడాలి.

ప్రివలెన్స్‌కు తిరుగులేని చోట్లు రెండున్నాయి. మొదటిది సేవల ప్రణాళిక. ఎన్ని పడకలు, ఎంత ఇన్సులిన్, ఎందరు నర్సులు కావాలో నిర్ణయించేవారికి, ఈ రోజు చికిత్స అవసరమైనవారు ఎందరన్నదే ముఖ్యం. రెండోది పరీక్షా ఫలితాలకు అర్థం చెప్పడం. సెన్సిటివిటీ (జబ్బున్నవారికి పాజిటివ్ చూపే సామర్థ్యం) 90 శాతం, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివారికి నెగటివ్ చూపే సామర్థ్యం) 95 శాతం ఉన్న ఒక పరీక్షను, నూటికి ఒకరికి జబ్బున్న 10,000 మందికి చేస్తే, నిజమైన రోగుల్లో 90 మందికి, జబ్బు లేనివారిలో 495 మందికి పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చినవారిలో నిజంగా జబ్బున్నవారు 15 శాతమే. అదే పరీక్షను నూటికి 20 మందికి జబ్బున్న సమూహంలో చేస్తే ఆ శాతం 82కు చేరుతుంది. పరీక్షలో మార్పు లేదు, మారినది ప్రివలెన్స్ ఒక్కటే. ఈ ఒక్క లెక్క కోసమైనా, ఇన్సిడెన్స్‌ను ఇష్టపడే నాలాంటివారు కూడా ప్రివలెన్స్‌ను శ్రద్ధగా నేర్చుకోక తప్పదు.

మరణాల రేటు, కేస్ ఫేటాలిటీ కూడా కొలతలే అయినా ఈ ప్రశ్నకు అవి నేరుగా జవాబివ్వవు. మొదటిది మొత్తం జనాభాలో ఎందరు మరణించారో, రెండోది జబ్బుపడినవారిలో ఎందరు మరణించారో చెబుతుంది. తేలికపాటి కేసులు నమోదు కాకపోతే రెండో అంకె ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. పీరియడ్ ప్రివలెన్స్, అంటే ఒక రోజున కాక ఒక నిర్ణీత కాలమంతటా జబ్బుతో ఉన్నవారి లెక్క, పాత, కొత్త కేసులను ఒకే గంపగుత్తగా చేరుస్తుంది కాబట్టి, వచ్చిపోతూ ఉండే నడుంనొప్పి, మైగ్రేన్ వంటి వాటికి తప్ప నేను దాన్ని సిఫారసు చేయను.

నివేదికలో ‘కేసులు’ అని మాత్రమే రాసి ఉంటే ముందుగా హారాన్ని, కాలాన్ని వెతకాలి. ‘ఏటా లక్ష మందికి’ అనో, ‘వెయ్యి వ్యక్తి-సంవత్సరాలకు’ అనో ఉండి, లెక్కించినవి కొత్త కేసులని స్పష్టం చేసి ఉంటే అది ఇన్సిడెన్స్. ఒక తేదీ నాటికి ఇంత శాతం అని ఉంటే అది ప్రివలెన్స్. రెండు ప్రాంతాలను పోల్చేటప్పుడు ఒకచోట మొదటిది, మరోచోట రెండోది ఇచ్చి ఉంటే, ఆ పోలికను పక్కన పెట్టి రెండుచోట్లా ఒకే కొలత దొరికేదాకా ఆగాలి.