తొమ్మిదేళ్ళ మాడ్యులర్ వంటగది: సొరుగులు నెగ్గాయి, మూల మూలనపడింది

మా వంటగదిని మాడ్యులర్ చేయించి తొమ్మిదేళ్ళు దాటింది. కొత్తలోనే ఈ సమీక్ష రాసి ఉంటే అంతా పొగడ్తే అయ్యేది. అద్దంలా మెరిసే తలుపులు, చప్పుడు లేకుండా మూసుకునే సొరుగులు చూసుకుని మొదటి ఆర్నెల్లూ మురిసిపోయాం. ఆ మురిపెం తీరాక ఏది నిలబడిందో, ఏది విసిగించిందో రాస్తున్నాను.

ముందుగా సొరుగులు. గట్టు కింద అన్నీ సొరుగులే ఉండాలని పట్టుబట్టింది మా ఆవిడ. తలుపులు పెట్టి లోపల రెండేసి అరలు వేస్తే ఖర్చు తగ్గుతుంది కదా అన్నది నా వాదన. ఓడిపోయాను, మంచిదే అయింది. అరలో వెనకాల ఉన్న గిన్నె కావాలంటే తలుపు తియ్యాలి, వంగాలి, ముందున్న నాలుగూ బయట పెట్టాలి, కావలసింది తీసుకుని ఆ నాలుగూ మళ్ళీ లోపలికి సర్దాలి. అదే సొరుగైతే లాగడం, తియ్యడం, అంతే. నిలబడే పైనుంచి అన్నీ కనిపిస్తాయి. అప్పటినుంచీ వంటింట్లో ఏ కొత్త సామాను చూసినా నేను అడిగేది ఒకటే: దీంట్లోంచి ఒక గిన్నె తియ్యడానికి ఎన్ని పనులు చెయ్యాలి?

సొరుగు ప్రాణమంతా దాని ఛానెల్‌లో, అంటే అది జారే పక్క పట్టాల్లో ఉంది. పూర్తిగా బయటికొచ్చేది కావాలని గట్టిగా అడగండి. ముప్పాతిక వరకే వచ్చే రకం పెడితే వెనకనున్న పావు భాగం చీకటి కొట్టే. బరువు సంగతి కూడా చూసుకోవాలి. 30 కిలోలు మోసే ఛానెళ్ళుంటాయి, 50 మోసేవీ ఉంటాయి. మాకు అన్నిటికీ ఒకే రకం బిగించేశారు. ధాన్యం డబ్బాలు పెట్టిన వెడల్పాటి అడుగు సొరుగు నాలుగో ఏటికి ముందుకు వాలి, పక్క సొరుగు అంచును గీకడం మొదలెట్టింది. పెద్ద ఛానెల్ వేయించాక మళ్ళీ కదల్లేదు.

స్టీలు తీగల బుట్టలు మాత్రం వద్దు. చిన్న గ్లాసు పెడితే తీగల మధ్య ఒరుగుతుంది, చెంచాలు కిందికి జారతాయి. మావాటికి క్రోమ్ పూత మాత్రమే ఉందని, రెండో ఏడు అతుకుల దగ్గర తుప్పు కనిపించాక తెలిసింది.

ఇక మూల. ఎల్ ఆకారపు గట్టు కింద రెండు వైపులూ కలిసే చోట గుండ్రంగా తిరిగే పళ్ళేలు పెట్టించాం. షోరూములో వేలితో తోస్తే రంగులరాట్నంలా తిరిగింది, మేమూ పడిపోయాం. ఇంటికొచ్చాక ఒకరోజు మూత ఒకటి పళ్ళెం అంచు మీంచి వెనక్కి జారి, గోడకీ పళ్ళేనికీ మధ్య ఇరుక్కుంది. పళ్ళెం ఇటూ తిరగదు, అటూ తిరగదు. నేల మీద బోర్లా పడుకుని, నోట్లో టార్చి పెట్టుకుని, పొడుగు గరిటెతో ఆ మూతను అరగంట పొడిచాను. ఆ ఏడాదిలో మరో మూడుసార్లు అలాగే అయింది. పైగా చదరపు చోటులో గుండ్రటి పళ్ళెం తిప్పితే నాలుగు మూలలూ దండగ. ఇప్పుడక్కడ ఏడాదికోసారి తీసే పెద్ద గిన్నెలున్నాయి. 'మూలన పడెయ్యడం' అన్న మాట ఎలా పుట్టిందో మా ఇంట్లో కళ్ళారా చూడొచ్చు. మళ్ళీ కట్టిస్తే ఆ మూలను మూసేసి, రెండు పక్కలా వెడల్పాటి సొరుగులు పెట్టిస్తాను.

వంటింట్లో పని తగ్గించే ఈ లెక్కలు కొత్తవేం కాదు. 1926లో మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఇళ్ళ కోసం గీసిన వంటగది సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. వంట చేసేవాళ్ళు ఎన్నడుగులు వేస్తారో, చెయ్యి ఎంత దూరం చాపుతారో చూసి మరీ గీశారు. పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు, ఒక్కోదానికి పిడి, తిన్నగా గిన్నెలోకి ఒంపుకోవడానికి కొసన మూతి. అలాంటి వంటగదులు దాదాపు 10,000 కట్టారు. ఇద్దరు నిలబడితే ఇరుకని, సొరుగులు పిల్లల చేతికందుతాయని దాన్ని తిట్టినవాళ్ళూ ఉన్నారు. అయినా మన తిరిగే పళ్ళేలు అమ్మేవాళ్ళు ఆ మూతి సొరుగును ఒకసారి చూస్తే బాగుణ్ణు.

మాకు అసలు దెబ్బ తగిలింది సింకు కింద. మిగతాదంతా నీళ్ళు తట్టుకునే ప్లైవుడ్ వాడి, సింకు పెట్టెకు మాత్రం పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టును జిగురుతో నొక్కిన పలక వేశారు. మేం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఒక రాత్రంతా పైపు జాయింటు చుక్కచుక్కగా కారింది. పొద్దున తలుపు తీస్తే అడుగు పలక నానిన అట్టలా ఉబ్బి, అంచు పట్టీ ఊడి వేలాడుతోంది. వేలితో నొక్కితే పొడి రాలింది. ఇప్పుడక్కడ పీవీసీ పలక ఉంది, అందంగా లేదు గానీ తడిస్తే గుడ్డతో తుడుచుకుంటే సరి. సింకు కింద ఏం వేస్తున్నారో కాగితం మీద రాయించుకోండి.

గట్టు ఎత్తు 34 అంగుళాలు పెట్టించాం. కూరగాయలు తరగడానికి ఇద్దరికీ హాయిగా ఉంది. కానీ పొయ్యి గట్టు మీద కూర్చునేది. దాని ఎత్తు, దానిపైన గిన్నె ఎత్తు ఎవరూ కలపలేదు. లోతు గిన్నెలో గరిటె తిప్పాలంటే మా ఆవిడ భుజం పైకెత్తాల్సిందే. పొయ్యి పెట్టే భాగాన్ని నాలుగంగుళాలు దించి కట్టించుకోవాల్సింది, లేదా గట్టులోకి దిగే పొయ్యి (హాబ్) తీసుకోవాల్సింది.

గట్టు మీద పరిచింది క్వార్ట్జ్. మరకలు పట్టలేదు, రంగు మారలేదు, ఒక్క చోట తప్ప. పొయ్యి మీంచి దించిన మూకుడు ఒకసారి తిన్నగా దాని మీద పెట్టాను. గోధుమరంగు చంద్రవంక పడింది, ఇప్పటికీ ఉంది. రాతిపొడిని రెసిన్‌తో కలిపి నొక్కిన పలక అది. సుమారు 90 శాతం రాయే, వేడికి లొంగేది ఆ మిగతా కాస్తే. ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. పలకలు మా వాకిట్లోనే పొడిగా కోశారు, మూడు రోజులు తెల్లదుమ్ము. కోసిన కుర్రాడు ముక్కుకి రుమాలు కట్టుకున్నాడంతే. ఆ రాతిపొడిలో ఉండేది సిలికా, ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడవుతున్నాయనే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఈ పలకలనే నిషేధించింది. సిలికా తగ్గించినవి ఇప్పుడు వస్తున్నాయి. ఏ రాయైనా నీళ్ళు పోస్తూ కోసేచోట కోయించి తెప్పించుకోండి.

తలుపుల మెరుపు గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. పొద్దున తుడిస్తే సాయంత్రానికి వేలిముద్రలు. మా చెల్లి ఈమధ్య వేలిముద్రలు పడని మ్యాట్ లామినేట్ వేయించుకుంది, రెండేళ్ళయినా శుభ్రంగా ఉంది, అసూయగానే ఉంది. పిడి లేకుండా అంచులో గాడి ఉండే తలుపులూ ఇప్పుడు అందరికీ కావాలి. చూడ్డానికి బాగుంటాయి, కానీ తడిచేత్తో పట్టుకున్న ప్రతిసారీ పిండీ జిడ్డూ ఆ గాడిలోకే చేరతాయి. పాత టూత్ బ్రష్ ఒకటి దానికే కేటాయించాలి. తలుపుల్లేని అరలు పొయ్యికి దూరంగా అయితే సరే, దగ్గరైతే జిడ్డు పొర ఖాయం. మిక్సీ, టోస్టరు దాచుకునే షట్టరు అర మాత్రం నాకు నచ్చింది, లోపలే ప్లగ్గు ఉంటేనే సుమా. పైఅరల కింద అతికించే ఎల్‌ఈడీ పట్టీ అన్నిటికంటే చవక, అన్నిటికంటే పనికొచ్చింది. మన నీడ మన చేతుల మీద పడకుండా తరుక్కోవచ్చు.

హింజీలు ఒక్కటీ మార్చలేదు. తలుపు కాస్త వాలితే స్క్రూ అర చుట్టు తిప్పితే చాలు, మళ్ళీ పక్క తలుపుతో సమానంగా వస్తుంది. ఆ స్క్రూడ్రైవరు ఎక్కడ పెడతామంటారా? ఆ మూల అరలోనే. తిరిగే పళ్ళెం మీద.