బేగం అఖ్తర్ పాత ఎల్పీలు: కొనే ముందు చెవి పెట్టి వినండి

హిందుస్తానీ గాయని బేగం అఖ్తర్ గజళ్లకు మా ఓటు పాత ఎల్పీలకే, అంటే ఎక్కువసేపు ఆడే గ్రామఫోన్ రికార్డులకే. 1914లో ఫైజాబాద్‌లో పుట్టి, పటియాలా, కిరానా ఘరానాల (సంగీత సంప్రదాయాల) ఉస్తాదుల దగ్గర ఖయాల్ అనే శాస్త్రీయ గానం నేర్చుకున్న గొంతు అది. తొలినాళ్ల 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డుల మీద ఆమె పేరు అఖ్తరీబాయి ఫైజాబాదీ. వాటిలో వైపుకు మూడు నిమిషాలే, రుచి తగిలేలోపే అయిపోతుంది. 1945లో పెళ్లయ్యాక కొన్నేళ్లు పాట మానేసి, లక్నో రేడియోలో మళ్లీ మొదలుపెట్టారు. ఒకే మాటను మూడు నాలుగు రకాలుగా తిప్పి పలికే ఆమె తీరు ఎల్పీలోనే తీరిగ్గా వినిపిస్తుంది.

పై స్థాయికి వెళ్లినప్పుడు గొంతు చిన్నగా చిట్లుతుంది. రికార్డు పాడైందనుకుని వెనక్కి ఇచ్చేయకండి, ఆ పాటకు ప్రాణమే అది! నిజంగా గీత పడి ఉంటే, నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీ వేగంలో 1.8 సెకన్లకోసారి, లెక్కపెట్టినట్టు, టక్కుమంటుంది. గొంతు చిట్లడానికి అలాంటి లెక్క ఉండదు.

లోపలి అంచుకు దగ్గరగా ఉన్న చివరి గజల్ తప్పకుండా వేసి చూడండి. అరిగిన సూదితో ఎక్కువసార్లు తిప్పిన రికార్డయితే అక్కడ స, ష అక్షరాలు బుసకొడతాయి. ఉర్దూలో అవి అడుగడుగునా వస్తాయి కాబట్టి భరించలేం. గాడి అరిగితే కడిగినా బాగుపడదు. 78లకు ఎల్పీ సూది వాడొద్దు. అది వెడల్పు గాడిలో అడుగుకు జారి బరబరమంటుంది. 3 మిల్ (అంగుళంలో వెయ్యో వంతుకు మూడింతల) సూది వేరే కొనాలి.

గరగర మొత్తం తుడిచేసిన డిజిటల్ కాపీలు మాత్రం వద్దు. గరగరతోపాటు ఆమె ఊపిరి కూడా పోతుంది.