సీప్యాప్ మెషిన్: మూడో వారానికి గానీ దారికి రాలేదు

నిద్రలో ఊపిరి ఆగిపోకుండా మాస్క్ గుండా గాలి పంపే ఈ మెషిన్‌కి నాలుగు స్టార్లు, అమ్మినవాళ్లు ఇచ్చిన ట్రైనింగ్‌కి ఒక్కటే. పది నిమిషాల్లో మాస్క్ బిగించి చూపించి వెళ్లిపోయారు. మొదటి వారమంతా అర్ధరాత్రి పీకి పక్కన పడేశాను. గాలి కళ్లలోకి కొట్టేది, పొద్దున్నే నోరు పిడచకట్టేది.

స్లీప్ క్లినిక్‌లో నర్సుగారు నన్ను పడుకోబెట్టి పట్టీలు సరిచేశారు. కూర్చుని బిగించుకుంటే పడుకున్నాక మాస్క్ జరిగి లీకవుతుందట. ఆ ఒక్క ముక్క ముందే చెప్పొచ్చుగా! పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకోమన్నదీ ఆవిడే. ర్యాంప్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే గాలి ప్రెషర్ తక్కువగా, 4 దగ్గర మొదలై మెల్లగా పెరుగుతుంది. గాలికి తేమ ఇచ్చే హ్యుమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటర్ పోస్తున్నాను, నోరు ఎండడం తగ్గింది.

ఇప్పుడు రాత్రికి ఆరు గంటలు పెట్టుకుంటున్నాను. గంటకు 38 సార్లు ఆగే ఊపిరి 3కి దిగింది. గురక వినపడక మా ఆవిడ భయపడి, లేచి నా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసేదట.