సీటు కొనడమా, గెలిచి రావడమా? ఈ-స్పోర్ట్స్ జట్టుకు ఏది మేలు?

2018 జనవరిలో 12 జట్లతో ఓవర్‌వాచ్ అనే షూటింగ్ వీడియో గేమ్ లీగ్ మొదలైనప్పుడు ఒక్కో సీటు, అంటే లీగ్‌లో శాశ్వత స్థానం, ధర 2 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. అంత పోసి కొన్నది ఏంటి? ఊరి పేరు, కింది లీగ్‌కి జారిపోమన్న భరోసా, ముందుముందు సొంత ఊళ్లో పెట్టే మ్యాచ్‌ల రాబడి.

ఆ భరోసా ఉత్తది కాదు. షాంఘై డ్రాగన్స్ తొలి సీజన్‌లో 40 మ్యాచ్‌లాడి 40 ఓడింది (వాళ్ల అభిమానుల ఓపికకు దండం పెట్టాలి). ఓడితే బయటికి పంపే పద్ధతిలో ఆ జట్టు అక్కడితో సరి. సీటు ఉంది కాబట్టి ఆటగాళ్లను మార్చుకుని 2021లో కప్పు కొట్టింది. ఫ్రాంచైజీ తరఫున ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

దెబ్బ తగిలింది ఖర్చు దగ్గర. ఒక్కో ఆటగాడికి ఏడాదికి కనీసం 50 వేల డాలర్ల జీతం, ఆపైన ఇల్లు, బీమా, కోచ్‌లు. ఇవన్నీ గెలిచినా ఓడినా ఆగని ఖర్చులు. 2020లో సొంత ఊరి మ్యాచ్‌లు అలా మొదలయ్యాయో లేదో కొవిడ్ వచ్చి ఆట ఆన్‌లైన్‌కి మారింది. టికెట్ల రాబడి పోయింది. సీటు ఫీజు వాయిదాలు వెనక్కి జరిపినా గట్టెక్కలేదు. 2023 సీజన్ అయ్యాక జట్లు ఓటేసి తప్పుకుంటే, ఒక్కోదానికి 60 లక్షల డాలర్లు చేతిలో పెట్టి దుకాణం కట్టేశారు.

ఐపీఎల్‌లోనూ జట్లు పోయాయి కదా అనొచ్చు. 2009లో కప్పు గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ 2012లో రద్దయింది. కానీ 2013లో హైదరాబాద్‌కి సన్‌రైజర్స్ వచ్చింది, ఎందుకంటే క్రికెట్ ఎవరి సొత్తూ కాదు. ఓవర్‌వాచ్ దాన్ని తయారుచేసిన బ్లిజార్డ్ కంపెనీ సొత్తు. కంపెనీ మనసు మారితే సీటుతోపాటు మైదానమూ పోతుంది.

కొన్న సీటుతో లాభపడ్డవాళ్లూ ఉన్నారు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే గేమ్ యూరప్ లీగ్‌లో 2019 నుంచి సీటు పద్ధతి వచ్చింది. పాత జట్లకు ధర 80 లక్షల యూరోలు. 2021లో ఫుట్‌బాల్ జట్టు రెండో డివిజన్‌కి పడిపోయి, అప్పులు మెడమీదున్న జర్మన్ క్లబ్ షాల్కే 04 తన సీటును 2.65 కోట్ల యూరోలకు బీడీఎస్ అనే ఈ-స్పోర్ట్స్ సంస్థకు అమ్మింది. మంచి బేరమే. కాకపోతే అది సరైన సమయంలో భూమి అమ్ముకున్న లాభం, జట్టు నడిపి తెచ్చిన లాభం కాదు. అదే గేమ్‌కి అమెరికాలో ఉన్న 10 జట్ల లీగ్ ఎల్‌సీఎస్ 2024కి 8కి దిగింది.

ఇటు వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ దారి వేరు. 2023లో దాన్ని తయారుచేసిన రయట్ కంపెనీ మూడు లీగ్‌లకు 30 జట్లను ఎంచుకుంది, పసిఫిక్‌లో మన దేశపు గ్లోబల్ ఈస్పోర్ట్స్ సహా. ప్రవేశ రుసుము పెట్టలేదు, పైగా కంపెనీయే ఏటా కొంత సొమ్మిస్తానంది. కింది స్థాయి జట్లు గెలిచి పైకి రావడానికి అసెన్షన్ అనే టోర్నీ పెట్టింది. అక్కడా మెలిక పడింది: 2023లో అమెరికాస్ అసెన్షన్ గెలిచిన ది గార్డ్ సంస్థ కుదేలైతే, ఆ సీటు రద్దన్నారు. గోల రేగాక ఆటగాళ్లను వేరే సంస్థ వెతుక్కోమన్నారు. వాళ్లను జీ2 అనే సంస్థ తీసుకుంది.

పూర్తిగా తెరిచిన దారిలో గెలుపే పెట్టుబడి. 2018లో ఓజీ అనే జట్టు ఎవరైనా ఆడగల ఓపెన్ క్వాలిఫయర్ల నుంచి వచ్చి, డోటా 2 గేమ్‌లో అతిపెద్ద టోర్నీ అయిన ఇంటర్నేషనల్ గెలిచింది, మరుసటి ఏడాదీ గెలిచింది. అయితే 2021లో 4 కోట్ల డాలర్లున్న ఆ టోర్నీ బహుమతి 2023కి 30 లక్షల పైచిలుకుకు పడింది. బహుమతి మీద జీతాలు నడపకూడదనడానికి ఇది చాలు. కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ గేమ్‌లో 2025 నుంచి టోర్నీ నిర్వాహకులకు జట్లతో వ్యాపార బంధం ఉండకూడదని, ఆ గేమ్ సొంతదారు వాల్వ్ నియమం పెట్టింది. ర్యాంకుతోనో క్వాలిఫయర్‌తోనో రావాల్సిందే.

డబ్బు పెట్టేవాళ్లకు మా ఓటు రుసుము లేని సీటుకే, దొరికితే. చేతిలో కొద్దిపాటి సొమ్మే ఉంటే కౌంటర్ స్ట్రైక్. సీటు కొనాల్సిందే అంటే సంతకానికి ముందు ఒప్పందంలో మూడు చోట్ల ఆగి చదవండి: లీగ్ మూసేస్తే తిరిగొచ్చేదెంత, సీటు అమ్మాలంటే ఎవరి అనుమతి కావాలి, స్కిన్‌ల (గేమ్‌లో పాత్రలకు, ఆయుధాలకు కొనుక్కునే అలంకారాల) అమ్మకంలో వాటా ఉందా. మూడోది మొదటి ఏడాది నుంచే రాకపోతే ధర తగ్గించమనండి.